పేట కబుర్లు



పట్టణములో పొరుగువాని పేరు పొరుగువానికి తెలియదని పల్లెలయందు ఒక మాట కలదు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని పట్టణమనగా ఒకే ముద్ద కాదు. అది కొన్ని పేటల కూడిక. పాతబడిన పేట ఏదైనను ఒక పల్లెవంటిదే. దానికొక గ్రామదేవత, ఒక రచ్చ, కొన్ని తగవులు, ప్రతిదినము కొన్ని కబుర్లు ఉండును. అట్టి పేటలో నేను పుట్టి పెరిగితిని. బడిపంతులుగా పనిచేసి, ఇప్పుడు అక్కడనే విశ్రాంతిగా నున్నాను. మా పేటలో కబుర్లు ఎట్లు నడచునో, అవి ఒకప్పుడు ఎట్టి మేలు చేసినవో, మరియొకప్పుడు ఎట్టి కీడు చేసినవో, నేను కన్నంతవరకు ఈ పూట మీకు మనవి చేయుదును.

మాది విశాఖపట్టణములో పాతవూరు. పాత పోస్టాఫీసు, కోటవీధి, కురుపాం మార్కెట్టు, బురుజుపేట అను పేర్లు మీరు వినియే యుందురు. రేవు ప్రక్కన మూడు చిన్న కొండలు వరుసగా నున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి కోవెల, ఒకదానిపై మేరీమాత గుడి, ఒకదానిపై దర్గా. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు వెలసియున్నది. ఆ తల్లి గర్భగుడికి పైకప్పు లేదు. ఎండకును వానకును ఆమె అట్లే యుండును. భక్తులు తమ చేతులతో తామే పూజ చేసికొందురు. మార్గశిర మాసపు గురువారములందు చుట్టుప్రక్కల పల్లెలనుండి జనము తండోపతండములుగా వత్తురు. మీలో కొందరు ఆ తల్లిని దర్శించియే యుందురు.

రేవులోనికి పెద్ద ఓడలు రాసాగినది 1933వ సంవత్సరమున. రేవు కూలీలు, గుమాస్తాలు, జాలరులు, వర్తకులు, బడిపంతుళ్లు గోడకు గోడ కలిపికొని మా పేటలో కాపురముండిరి. ఇండ్లు ఇరుకు, సందులు ఇంకను ఇరుకు. ఒక ఇంట పోపు పెట్టినచో ఎదురింటివారికి తుమ్ము వచ్చును. ఇట్టి చోట రహస్యమనునది నిలువదు.

మా పేటలో మొదటి కబురు తెల్లవారుజామున కుళాయి దగ్గర పుట్టును. బిందెల వరుసలో ఎవరి బిందె లేదో ఆడవారు ముందు చూతురు. ఒకామె బిందె రెండు దినములు కనబడకున్నచో ఆమెకు జ్వరమో, పుట్టింటికి పోయినదో తేల్చిగాని వరుస కదలదు. పిమ్మట పాలవాడు వచ్చును. ఏ ఇంట అర్ధశేరు హెచ్చుగా పోయించుకొనిరో, అనగా ఏ ఇంటికి చుట్టములు వచ్చిరో, అతనికి తెలియును. ఇస్త్రీ బండివానికి పట్టుచీరలు ఎక్కువగా వచ్చినచో ఆ ఇంట పెండ్లిచూపులని అర్థము. సాయంకాలము రేవులో పనిచేసి మానుకొన్న వృద్ధులు అరుగులమీద చేరుదురు. ఎవరి పిల్లవాడు పరీక్ష తప్పెను, ఎవరిల్లు అమ్మకమునకు వచ్చెను, ఎవరిని పెద్దాసుపత్రికి కొనిపోయిరి అను విషయములన్నియు అక్కడ ఒక కొలిక్కి వచ్చును.

ఒక నిజము ఒప్పుకొందును. నడివయస్సులో నాకు ఇదంతయు వెగటుగా నుండెడిది. నేను సంచి పట్టుకొని బయలుదేరినచో నలుగురు “ఎక్కడికండి పంతులుగారూ?” అని అడుగుదురు. ఇంటికి ఎవరైన వచ్చినచో “వారెవరు?” అందురు. పరుల సంగతులు వీరికేల యని నేను విసుగుకొనెడివాడను. మా నాయనమ్మ మాత్రము ఒప్పుకొనెడిది కాదు. “అడిగేవాళ్లున్నారు కాబట్టే బతికున్నాం నాయనా” అనెడిది.

ఆమె మాటకు కారణమున్నది. 1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీద బాంబులు వేసినవి. ఎందరో పిల్లాపాపలతో, మూటాముల్లెతో పల్లెలకు తరలిపోయిరి. మా వీధిలో ఏడెనిమిది ఇండ్లవారు తమ తాళపుచెవులను కదలలేని ఒక ముసలి దంపతుల చేతిలో పెట్టి పోయిరట. ఎవరు ఏ యూరికి, ఎవరి పంచకు పోయినదియు ఆ ముసలాయన నోటనుండెనట. రేవులో పనికై నిలిచిపోయిన మగవారు ఆయననడిగియే తమవారి జాడ తెలిసికొనిరట. ఆనాడు మా వారికి పంచ చూపినవారు మీ తాతలవంటి పల్లెపెద్దలే. ఆ ఋణము మా పేట మరువలేదు.

అయినను నాకు బుద్ధి వచ్చుటకు మరియొక గండము రావలసి వచ్చినది.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ, ఆదివారము. హుద్‌హుద్ అను తుపాను మా పట్టణము మీదనే తీరము దాటినది. గాలి గంటకు నూట ఎనుబది కిలోమీటర్ల వరకు వీచినది. తెల్లవారకమునుపే విద్యుత్తు పోయెను. వెనువెంటనే టెలిఫోనులు పోయినవి. చేతిలోని ఫోను అద్దపుబిళ్లయై మిగిలెను. రేకులు ఆకులవలె ఎగిరిపోవుచుండెను. మధ్యాహ్నవేళకు గాలి ఒక్కసారిగా ఆగిపోయినది. గండము గడచినదని జనులు వీధులలోనికి వచ్చిరి. పిల్లలు విరిగిపడిన కొమ్మలమీద ఎక్కి ఆడసాగిరి.

అప్పుడు మా సందు చివరనుండు ఒక వృద్ధ జాలరి కఱ్ఱ పట్టుకొని ఇల్లిల్లును తిరిగెను. “లోనికెళ్లండి బావూ, ఇది సగమే. ఇప్పుడు ఎదురుగాలొస్తాది” అని తలుపు తలుపునకు చెప్పెను. చక్రమువలె తిరుగు తుపానునకు నడుమ కన్నువంటి చోటుండును. అక్కడ గాలి యుండదు. ఆ కన్ను దాటినంతనే గాలి వెనుకటి దిక్కునకు ఎదురుదిక్కునుండి కొట్టును. ఇది పుస్తకములలో నేను పిల్లలకు చెప్పిన పాఠమే. కాని ఆ గడియకు అది నాకు జ్ఞప్తికి రాలేదు. అతడు చెప్పినట్లే కొంతసేపటికి గాలి మరల విజృంభించెను. అంతకుముందే వీధి ఖాళీ యైనందున మా సందులో ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు.

మరునాడు సోమవారము. దారినిండ చెట్లు, స్తంభములు, తీగలు. మా గుమ్మములోనికి పూలమ్ముకొను ముసలామె వచ్చినది. ఆమె బుట్టలో పూలు లేవు. తాను పూలిచ్చు ఇండ్లవారు ఎట్లున్నారో చూచుటకు బయలుదేరినదట. నా ప్రక్కయింటి వైపు చూచి నిలిచిపోయినది.

“మామ్మగారు ముగ్గెయ్యలేదేటి బాబుగారూ?” అని యడిగినది.

“ఈ కొమ్మలలో, ఈ బురదలో ముగ్గు ఎవరు వేయుదురమ్మా?” అంటిని.

“ఎవులేసినా ఎయ్యకపోయినా ఆవిడేస్తారు. గాలయినా వానయినా గడప కడక్కుండా ఉండరు” అని ఆమె కదలక నిలిచినది.

ఆ మామ్మగారికి డెబ్బదియెనిమిదేండ్లు. కొడుకు దూరదేశమున ఉద్యోగము. ఆమెకును నాకును నడుమ ఒక గోడయే అడ్డము. ముందునాటి మధ్యాహ్నమునుండి ఆమె అలికిడి లేదని నేను గుర్తింపలేదు. నాలుగు వీధుల అవతలనుండి వచ్చిన పూలామె గుర్తించినది. మేము పెరటిగోడ దూకి లోనికి పోతిమి. వంటయింటి పెంకులకప్పు కూలి, దూలము ఆమె కాలిమీద పడియున్నది. రాత్రియంతయు ఆమె అట్లే పడియుండెను. పిలిచినదట, గాలిహోరులో నాకు వినబడలేదు. కొనయూపిరితో నున్న ఆమెను నులకమంచముపై పెట్టి, దారిలోని కొమ్మలు నరికికొనుచు, కుఱ్ఱవాండ్రు పెద్దాసుపత్రికి మోసికొనిపోయిరి. ఆమె బ్రతికినది. పిదప ఆరేండ్లు మా మధ్యనే యున్నది. ఆమెను చూచినప్పుడెల్ల నాకు సిగ్గు కలుగుచుండెడిది. పరుల సంగతులు నాకేల యని గోడ కట్టుకొన్నవాడను నేను. ముగ్గు చూచి మనిషిని తెలిసికొన్నది పూలామె.

ఆ దినముననే నేను బడినుండి ఒక నల్లబల్ల తెచ్చి కూడలిలోని అరుగుమీద పెట్టితిని. దానిపై మూడు గళ్లు గీచితిని. మొదటి గడి: కావలసినవి. రెండవది: ఉన్నవి. మూడవది: కనబడనివారు. ఒకరి పసిబిడ్డకు పాలు కావలెను. మరియొకరికి ఇంట పాలపొడి డబ్బా యున్నది. ఒకరి బావిలో మంచినీరున్నది. ఒకరికి చేద లేదు. సైకిలుపై గాజువాక పోయి వచ్చినవాడు అక్కడి కుటుంబముల క్షేమము వ్రాసెను. మూడవ గడిలో మొదటిదినము పదునొకండు పేర్లు పడినవి. నాలుగవనాటికి ఒక్కొక్కటియు చెరిపివేసితిమి, అందరును దొరికిరి. ఆ గడి ఖాళీ యైనప్పుడు వీధివారు చప్పట్లు కొట్టిరి.

ఇక కీడు సంగతి. మూడవనాటి రాత్రి చీకటిలో ఎవరో “సముద్రము వీధిలోనికి వచ్చుచున్నది” అని కేక వేసిరి. జనులు చంటిబిడ్డలతో కొండమెట్లవైపు పరుగెత్తిరి. ఆ తొక్కిసలాటలో ఒక బాలుడు మెట్లమీదనుండి పడి చేయి విరుగగొట్టుకొనెను. తెల్లవారి విచారించితిమి. క్రింది వీధిలో నీటిగొట్టము పగిలినది. ఒకడు “వీధిలోనికి నీరు వచ్చుచున్నది” అనెను. రెండవ నోట అది ఉప్పునీరైనది. మూడవ నోట కెరటమైనది. నాలుగవ నోట సముద్రమే వచ్చినది. ఎవరును అబద్ధమాడవలెనని ఆడలేదు. ఒక్కొక్కరు తమ భయమును కొంత కలిపిరి, అంతియే.

నాడు అరుగుమీద పెద్దలందరు కూడి ఒక కట్టుబాటు చేసిరి. కబురు తెచ్చినవాడు మూడు సంగతులు చెప్పవలెను: ఎవరు చూచిరి, ఎక్కడ చూచిరి, ఎప్పుడు చూచిరి. చూచినవారి పేరు లేని కబురు బల్లమీదికి ఎక్కదు. “అందరును అనుకొనుచున్నారు” అనునది సాక్ష్యము కాదు. ఈ కట్టుబాటును మొదట పాటింపవలసి వచ్చినది నాకే. పాలబండి వచ్చుచున్నదని విని నేను వ్రాయబోగా, ఇస్త్రీ బండియాయన నా చేతిలోని సుద్దముక్క పట్టుకొని, “ఎవరు చూశారండి పంతులుగారూ?” అని యడిగెను. నాకు సమాధానము లేకపోయెను. సుద్దముక్క జేబులో వేసికొంటిని.

ఎనిమిదవ రాత్రి మా వీధిలో దీపములు వెలిగినవి. అక్టోబరు 23వ తేదీన దీపావళి వచ్చినది. వీధులనిండ ఎండిన కొమ్మలు పేరుకొనియున్నవి. ఒక్క రవ్వ పడినను పేట యంతయు భస్మమగును. బల్లమీద పిల్లలే వ్రాసిరి: ఈ యేడు మన వీధిలో బాణసంచా లేదు, దీపములు మాత్రమే. ప్రతి గడపయందును ప్రమిదలు వెలిగినవి. మామ్మగారు ఆసుపత్రినుండి ఇంకను రాలేదు. ఆమె గడప పూలామె కడిగి, ముగ్గు పెట్టి, దీపము పెట్టినది.

విద్యుత్తు వచ్చిన తరువాత బల్లను మరల బడికి చేర్చుదుమా యని తర్జనభర్జన జరిగినది. అది అరుగుమీదనే నిలిచినది. 2020వ సంవత్సరమున కరోనా వచ్చి అందరము ఇంటిపట్టున నుండవలసి వచ్చినప్పుడు అదే బల్ల మరల అక్కరకు వచ్చినది. ఒంటరిగా నుండు వృద్ధుల పేర్లు ఒకవైపు, వారికి మందులు, కూరలు తెచ్చియిచ్చు ఇండ్లవారి పేర్లు ఒకవైపు వ్రాసితిమి. ఇప్పుడు మా పేటలో ప్రతివాని చేతిలోను ఫోనున్నది. పేటకంతకు ఒక వాట్సాపు గుంపు కూడ నున్నది. దానిని నేను నిందింపను; రక్తము కావలెనన్న కబురు క్షణములో పదిమందికి చేరుచున్నది. కాని అందులో ఉన్నవారి మాటలు వినబడునే గాని, పలుకకున్నవారెవరో తెలియదు. మా అరుగు పెద్దలు సాయంకాలము లేచిపోవుటకు ముందు నేటికిని ఒక ప్రశ్న వేసికొందురు: “ఈ పూట ఎవరు కనబడలేదు?”

పెద్దలారా, పరుల గుట్టు రట్టుచేయు మాట ఒకటి. పరుల క్షేమము విచారించు మాట ఒకటి. రెండును ఒకే అరుగుమీద పుట్టును. మొదటిదానికి వెఱచి రెండవదానిని కూడ విడిచిపెట్టుట నేను చేసిన తప్పు. పల్లెలలో మీకు ఈ భేదము పుట్టుకతోనే తెలియును. మీ కొడుకులు, కోడండ్రు, మనుమలు ఎందరో నేడు పట్టణములలో అంతస్తుల మేడలయందు కాపురమున్నారు. అక్కడ అరుగులు లేవు, కుళాయి వరుసలు లేవు. తలుపు వేసికొన్నచో లోకము లేదు. మీరు వారితో ఫోనులో మాటలాడునప్పుడు జీతమెంత, అద్దె ఎంత అని యడుగుటకు ముందు ఒక్క మాట అడుగుడు: “ప్రక్కయింటివారి పేరేమిటి? వారిని కడపట ఎన్నడు చూచితివి?”

సమాధానము చెప్పలేకపోయినచో, ఆ సాయంకాలమే పోయి ఆ తలుపు తట్టి రమ్మని చెప్పుడు. మీ మాట వారు కాదనరు.

సెలవు.