సర్పి నొప్పియు సుగంధ తైలములును
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



పరీక్షలను గూర్చియో, హాజరును గూర్చియో మాటలాడవలసిన ప్రధానోపాధ్యాయుడు నూనెలను గూర్చి మాటలాడుటేమని మీకు తోచవచ్చును. ఇదియు హాజరునకు సంబంధించిన విషయమే. ఈ సంవత్సరము మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె రమారమి మూడు వారములు బడికి రాలేదు. ఆమె నాయనమ్మకు నడుమున సర్పి లేచినదనియు, తల్లిదండ్రులిరువురును పనికి పోవుటచే, నూనె వ్రాయుటకును విసరుటకును ఆ బాలికయే ఇంట నిలిచినదనియు విచారింపగా తెలిసినది. మేము చూడబోవునప్పటికి గూటిలో ఏడు నూనె సీసాలున్నవి. వైద్యుని చీటి ఒక్కటియు లేదు.

మనము సర్పి యనుదానినే ఈ హోసూరు ప్రాంతపు తమిళులు అక్కి యందురు. కన్నడిగులు సర్పసుత్తు అందురు. పేరులోనే పాము ఉండుటచే, పాము తలయు తోకయు నడుము చుట్టు తిరిగి కలిసికొన్నచో మనిషి దక్కడను భయము పెద్దలలో నేటికిని పోలేదు. సాధారణముగా ఈ పొక్కులు శరీరమున ఒక ప్రక్కనే లేచును. వెన్నుపామునుండి వచ్చు ఒక్కొక్క నరము ఆ ప్రక్క చర్మమునకే పోవుచున్నది గదా! కావున తలయు తోకయు కలియుటకు త్రోవయే లేదు. కుమ్మరిచేత కావితో సింహపు బొమ్మ వ్రాయించుకొను ఆచారము కూడ ఈ ప్రక్కల కలదు. ఆచారమును మేము పరిహసింపము. కాని, బొమ్మ ఆరువరకు ఆసుపత్రికి పోరాదనుటతోనే మాకు పేచీ.

బాల్యమున ఆటలమ్మ పోసినవారికే సర్పి వచ్చును. పొక్కులు మానినను ఆ క్రిమి వెన్నుపాము చెంతనున్న నరపు ముడులలో దశాబ్దములు నిద్రించి, వయసు మీరినప్పుడో, దేహబలము తగ్గినప్పుడో మేలుకొని నరము వెంబడి చర్మమునకు వచ్చును. ఈ సంగతిని ఇంగ్లండులో సైరెన్సెస్టరను చిన్న పట్టణమున వైద్యము చేయుచుండిన హోప్-సింప్సన్‌గారు తన రోగులను ఏండ్ల తరబడి గమనించి 1965లో ప్రకటించిరి. పెద్ద ప్రయోగశాల లేని ఊరి వైద్యుడు, ఓపికతో వ్రాసికొన్న పుస్తకములతో ఇంత పని చేసెనని మా పిల్లలకు తరచుగా చెప్పుచుందుము.

పొక్కులు లేచుటకు కొన్ని దినముల ముందే మంట, పోటు ఆరంభమగును. పొక్కులు కనబడిన 72 గంటలలోపల ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెట్టినచో వ్యాధి త్వరగా తగ్గును. ఈ మూడు దినములే మనవారు నూనెలతో పోగొట్టుకొనుచున్నారు. నుదుటిమీదగాని, ముక్కు కొనమీదగాని పొక్కు లేచినచో కంటికి ముప్పు కలుగవచ్చును. ఒక్క పూటయైనను ఆగక కంటి వైద్యునికి చూపవలెను. అచట ఏ తైలమును తాకింపరాదు.

ఇక తైలముల మాట. అవి ఉత్త బూటకమని మేము చెప్పబోము. పొక్కులు మాని మూడు నెలలు గడచినను కొందరికి నరపు నొప్పి విడువదు. రవిక తగిలినను, గాలి సోకినను నిప్పు తగిలినట్లుండును. అట్టి నొప్పితో బాధపడుచుండిన 76 ఏండ్ల వృద్ధురాలు పుదీనా జాతి పిప్పరమెంటు తైలము వ్రాసికొనగా నాలుగు మొదలు ఆరు గంటలవరకు ఉపశమనము కలిగినదని ఇంగ్లండు వైద్యులు 2002లో వ్రాసిరి. ఆ తైలములోని పిప్పరమెంటు పువ్వు, అనగా మెంథాల్, చర్మపు నరములలో చలిని గ్రహించు ద్వారమును తెరచునని అదే సంవత్సరమున కనుగొనబడినది. ఆ పరిశోధకులలో జూలియస్, పటపూటియన్‌గార్లకు స్పర్శ, ఉష్ణ గ్రహణములపై చేసిన కృషికి 2021లో నోబెల్ బహుమానము వచ్చినది. నీలగిరులలోను, కొడైకెనాల్ కొండలలోను పండు జెరేనియము తైలమును 2003లో అమెరికాలో 30 మందిపై పరీక్షింపగా నొప్పి కొంతసేపు తగ్గినది. కొంతసేపు అను మాటను మీరు మరువవలదు. ఒక వృద్ధురాలు, ముప్పదిమంది రోగులు: ఇంతమాత్రపు సాక్ష్యముతో క్రిమిని చంపునని సీసాలమ్మువాడు చెప్పినచో నమ్మరాదు. నరములో దాగిన క్రిమిని పైన వ్రాసిన నూనె చంపగలదని నేటివరకు ఋజువు కాలేదు.

మన తెలుగువారికి ఈ వాసనలు క్రొత్తవి కావు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. ఆ నగరముననే 1908లో ఆంధ్రపత్రికను ఆరంభించిరి. పరాయి ప్రాంతమున తలనొప్పి మందు అమ్మి మాతృభాషను పోషించిన మహనీయుడాయన! అయినను తలనొప్పి లేపనము సర్పి పొక్కులకు తగదు. పచ్చి పుండుమీద కర్పూరము, మెంథాల్ మండును. చర్మము మరింత చెడును.

కావున పొక్కులు పూర్తిగా ఎండి చెక్కు రాలి, క్రొత్త చర్మము వచ్చిన పిమ్మటనే, వైద్యుని అడిగి, తైలము వాడవలెను. ఒక పెద్ద చెంచాడు కొబ్బరి నూనెలో ఐదారు చుక్కలు చాలును. ముందు మోచేతి లోపల రవంత వ్రాసి ఒక దినము చూడవలెను. దద్దురు లేచినచో మానివేయవలెను. అంతకును తగ్గని నొప్పికి గబాపెంటిన్, లిడొకెయిన్ పట్టీ మొదలగునవి వైద్యులు ఇత్తురు. ఓర్చుకొనుటయే ముసలితనపు ధర్మమని అత్తమామలకు చెప్పకుడు.

పసిబిడ్డలున్న ఇండ్లవారికి ప్రత్యేకముగా మనవి. కర్పూర తైలము, యూకలిప్టస్ తైలము కొద్దిగా మ్రింగినను పిల్లలకు మూర్ఛ రావచ్చును. మెంథాల్‌ను శిశువు ముక్కు చెంత వ్రాసినచో ఊపిరి చిక్కవచ్చును. పొక్కుల నీరు తగిలినచో ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ వచ్చును. గర్భిణులును పసివారును దూరముగా నుండవలెను. పొక్కులను శుభ్రమైన గుడ్డతో కప్పి యుంచవలెను. ఏబది దాటిన వారికి టీకా కలదు. 2023నుండి మన దేశమున దొరకుచున్నది. రెండు మోతాదులు, వెల హెచ్చు.

మరొక చిక్కు మన పాఠశాలకు సంబంధించినది. సీసాలమీది చీటీలు ఇంగ్లీషులోనో, తమిళములోనో ఉండుటచే మన ఇండ్ల పెద్దలలో పెక్కురు చదువలేరు. ఆ నాయనమ్మ ఇంట చూచిన ఏడు సీసాలలో ఒక్కదానిమీదనైన తెలుగు అక్షరము లేదు. అందుచే మా ఎనిమిదవ తరగతి పిల్లలు పెద్ద అక్షరములతో చీటీలు వ్రాసినారు: “పైకి మాత్రమే. మ్రింగరాదు. కంటికి తగులరాదు. పిల్లలకు అందనీయకుడు.” అక్షరదోషములను మా తెలుగు పండితులు దిద్దిరి. వెనుకవైపున ప్రభుత్వ ఆసుపత్రి వేళలు కలవు. ఇంటికి పది చీటీల చొప్పున ఆఫీసు గుమాస్తా వద్ద ఉంచినాము. పోవునపుడు తీసికొని పొండు. ఇరుగుపొరుగువారికి కన్నడ, తమిళములలో కావలసినచో పేరు వ్రాయించి పొండు, సోమవారమునకు సిద్ధము చేయింతుము.