కుక్కపిల్లకు నా మాత్రలు
(హసన్‌పర్తి పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీపీ, షుగరు గురించి చెబుతాననుకొని ఉంటారు. నేను చెప్పేది మా ఇంటి కుక్కపిల్ల సంగతి. మా అబ్బాయి బదిలీపై వెళ్తూ నాలుగు నెలల లాబ్రడార్ పిల్లను మాకు వదిలివెళ్లాడు. పిల్లల కోసం తయారైన ప్యాకెట్ ఆహారమే పెట్టేవాళ్లం. అయినా బలం చాలదని నేనే డాక్టరునై కాల్షియం సిరప్పు, పైగా నా మోకాళ్ల మాత్రలు రోజూ కలిపాను. రెండు నెలలకు ముందుకాలు వంగి, కుంటసాగింది.

పశువైద్యుడు కోప్పడలేదు. ఆ ప్యాకెట్‌లో కాల్షియం, భాస్వరం తగిన పాళ్లలో ముందే ఉంటాయట. పెద్దజాతి పిల్ల పేగులు అదనపు కాల్షియాన్ని ఆపలేవు, ఎముకలు వంకర తిరుగుతాయి. ఎముకల్లేని మాంసం, అన్నం మాత్రమే పెట్టే ఇళ్లలో దీనికి విరుద్ధంగా కాల్షియం చాలక అదే గతి పడుతుంది. అక్కడా మోతాదు వైద్యుడే చెప్పాలి.

"వారానికొకటి వేసుకునే డి విటమిన్ ఎక్కడ పెడతారు?" అనీ అడిగారు. 60,000 యూనిట్ల మాత్ర ఒక్కటి మింగితే మూడు కిలోల కుక్కకు మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

ప్రోబయోటిక్ పొడి ఎందుకు, పెరుగు చాలదా అన్నాను. పెరుగు కొంచెం పెడితే తప్పులేదు గాని, విరేచనాలకు ఇచ్చే ఎంటరోకాకస్ ఫీషియం వంటివి వేరన్నారు.

ఇప్పుడు నడుస్తోంది, ఎడమకాలు కొంచెం వంకరే. మా ఆవిడ నా మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేసింది. రోజూ అడిగి తీసుకుంటున్నాను.