గడప దాటి లోపలికి



నూరేండ్లు మన సంఘములను కాపాడిన దేవునికి స్తోత్రములు. ఈ పండుగవేళ క్షయరోగమును గూర్చి మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇది మన ఇండ్ల సంగతి.

వికారాబాదు అనగానే పెద్దలకు అనంతగిరి గుట్ట, దాని మీది క్షయ ఆసుపత్రి జ్ఞాపకము వస్తాయి. నిజాము కాలములో అక్కడి మంచి గాలి కొరకు శానిటోరియము కట్టించారు. సరియైన మందులు లేని ఆ దినాలలో గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవే వైద్యము. రోగిని ఇంటికి దూరముగా ఉంచవలెననే తలంపు అప్పటినుండి మనలో పాతుకుపోయింది.

తరువాత స్ట్రెప్టోమైసిన్, ఐసోనియజిడ్ వంటి మందులు వచ్చాయి. కాని ఆసుపత్రులలో పడకలు కొన్నే, రోగులు లక్షలమంది. ఇంటివద్దనే మందులిస్తే నయమగునా? ఇంటివారికి అంటదా? ఈ ప్రశ్నలకు జవాబు వెదకుటకు 1956లో మద్రాసులో ఒక కేంద్రము నెలకొల్పారు. 193 మంది పేద రోగులను చీట్లు వేసిన రీతిగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానిటోరియములో మంచి తిండితో, విశ్రాంతితో ఉన్నది. రెండవది ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో ఉన్నది. ఇద్దరికీ ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. 1959లో ఫలితము ప్రకటించారు: నయమగుటలో పెద్ద తేడా లేదు. ఇంట ఉన్న రోగుల కుటుంబములకు అదనపు ముప్పు కూడ కనబడలేదు. ఆ జవాబు లోకమంతటా క్షయ వైద్యమును మార్చివేసింది.

అయితే మన మనసులు మారినవా? కొన్నేండ్ల క్రితము తాండూరు ప్రాంతములో బండల పని చేసే ఒక సహోదరుని చూడబోయాము. ఆయన పశువుల కొట్టములో, వేరు కంచముతో ఉన్నాడు. మేము గడప బయటనే నిలిచి ప్రార్థన చేసి వచ్చాము. ఇంటివారు చేసినదే మేమును చేశాము. ఆయన రెండు నెలలకే మందులు మానినట్లు తరువాత తెలిసింది. కుష్ఠరోగిని చేయి చాపి ముట్టిన ప్రభువు సేవకులము మేము!

క్షయ కంచముల ద్వారా అంటదు. దగ్గు ద్వారా గాలిలో వ్యాపిస్తుంది. సరియైన మందులు మొదలైన కొన్ని వారాలకే అంటించే శక్తి బాగా తగ్గుతుంది. రెండు వారములు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకొనవలెను. నేటి యంత్రపరీక్ష కొద్ది గంటలలోనే రోగమును, ముఖ్యమైన రిఫాంపిసిన్ మందు పనిచేయునో లేదో కూడ తెలుపుతుంది. మామూలు క్షయకు ఆరు నెలల మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. బాగున్నదని నడుమ మానితే రోగము మొండిబారవచ్చును. రాతిపొడితో ఊపిరితిత్తులు చెడినవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

2023లో వెలువడిన జార్ఖండు పరిశోధన మరియొక మాట చెప్పింది. రోగి ఇంటివారికి నెలనెలా బియ్యము, పప్పు అదనముగా ఇస్తే వారిలో క్షయ సుమారు 40 శాతము తగ్గింది. కందిపప్పుకు పేరుపొందిన తాండూరులో ఈ పరిచర్య మనకు భారమా? ప్రతి సంఘము ఒక్క రోగి కుటుంబమునైనను ఆరు నెలలు ఆదుకొనవలెను. పప్పు పంపి ఊరకుండక లోపలికి వెళ్లి, పక్కన కూర్చుండి, మందు వేసుకున్నావా అని అడుగుదము.

గడప బయట నిలిచిన మమ్మును దేవుడు క్షమించును గాక. మనలనందరిని గడప దాటించును గాక. ఆమెన్.