రెండు పైన, రెండు కింద

 

మొన్న చీరాలలో ఒక తమ్ముడు మాకు ఫోనులో ఒక బుట్ట ఫొటో చూపించాడు. అమెరికాలోని చెరోకీ ఆదివాసులు అక్కడి సన్న వెదురుతో అల్లిన బుట్ట అది. దాని నిండా డైమండు గళ్ళు. "మా అమ్మమ్మ అల్లే చాపలో కూడా ఇవే గళ్ళు కదన్నా. ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారు?" అని అడిగాడు.

ఎవరూ ఎవరినీ చూడలేదు. జవాబు అల్లికలోనే ఉంది. ఒక బద్దను రెండు బద్దల పైనుంచి, రెండింటి కిందనుంచి పోనివ్వండి. తర్వాతి వరుసను ఒక్క బద్ద పక్కకు జరిపి మొదలుపెట్టండి. అలా జరుపుతూ పోతే ఏటవాలు గీత వస్తుంది. మధ్యలో వెనక్కి జరిపితే గీత వంక తిరుగుతుంది. రెండు వంకలు ఎదురెదురుగా కలిస్తే డైమండు. వెదురైనా, ఈతాకైనా లెక్క ఇదే. లెక్క ఒకటే కాబట్టి గడి కూడా ఒకటే.

అయితే పోలికలన్నీ ఇలా పుట్టినవి కావు. గుజరాత్ పటోలా బట్టలు ఓడల్లో ఇండోనేషియా చేరాయి. అక్కడి నేతగాళ్ళు ఆ పూలను చూసి నేశారు. మన చీరాల తేలియా రుమాళ్ళు కూడా అరబ్బు దేశాలకు, ఆఫ్రికాకు వెళ్ళాయి. కాబట్టి పోలిక కనిపించిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ప్రయాణం చేసి వచ్చిందా, చేతిపనిలోంచి పుట్టిందా?

ఈ మాట మనకెందుకు? 1911 నేరస్త జాతుల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో మన ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగలన్నారు. చీరాల పక్కనున్న స్టూవర్టుపురం అలా ముద్ర వేసినవాళ్ళను ఉంచడానికి పెట్టిన ఊరే. ఆ ముద్ర దేశమంతటా చట్టంలోంచి పోయింది 1952లో. పలకా బలపం పట్టని మన నాయనమ్మలు వేళ్ళతో అంత లెక్క వేశారని ఆ చట్టం రాసినవాళ్ళు ఎక్కడా రాయలేదు. మనమైనా రాసుకోవాలి.

ప్లాస్టిక్ తట్టలు వచ్చాక అల్లే చేతులు తగ్గిపోయాయి. చేయి ఆగితే లెక్కా ఆగుతుంది. అందుకే మీకు ఒక్క పని అప్పగిస్తున్నాం. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దామె పక్కన కూర్చోండి. ఒక చాప మొదటినుంచి చివరిదాకా అల్లించుకోండి, మీరూ అల్లండి. ఎన్ని పైన, ఎన్ని కింద, ఎక్కడ జరిపారో నోటుపుస్తకంలో రాయండి. ఆ గడిని మన ఎరుకల భాషలో ఏమంటారో అడిగి, ఆమె గొంతుతోనే ఫోనులో రికార్డు చేయండి.

అప్పుడు "ఇది ఎవరిని చూసి చేశారు?" అని ఎవరైనా అడిగితే వాళ్ళ ముందే అల్లి చూపించవచ్చు.