పదును అన్న మాట

అనంతపురం రైతు 'పదునైంది' అంటే విత్తనం వేయడానికి చాలినంత వాన పడి నేల తడిసిందని అర్థం. నిఘంటువు పట్టుకుని ఆ మాటను స్పానిష్‌లోకి మారిస్తే కత్తి వాదర మాత్రమే చేరుతుంది, తడి చేరదు. భిన్న సంస్కృతుల మనుషులు మాట్లాడుకునేటప్పుడు మధ్యలో ఇంకొకరు ఎందుకు కావాలో ఇక్కడే తెలుస్తుంది. తెలుగులో 'మధ్యవర్తి' అంటే తగాదా తీర్చేవాడన్న అర్థం స్థిరపడింది గనుక ఆ వ్యక్తిని సంధాత అనడం మేలు.

సంధాతలు ఈ జిల్లాకు కొత్త కాదు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్‌కు పునాది వేశారు. ఆ తర్వాత స్పెయిన్ దాతలకూ ఇక్కడి పల్లె పిల్లలకూ మధ్య అనువాదకుల చేతుల మీదుగా ఉత్తరాలు నడిచాయి. 'ఈ ఏడు వాన రాలేదు' అని ఒక పిల్ల రాస్తే ఆ మాటలో ఎండిన శెనక్కాయ చేను ఉంటుంది, తీరని అప్పు ఉంటుంది, బెంగుళూరుకు కూలికి పోయిన నాయన ఉంటాడు. అవతల నగరంలో చదివేవారికి వాన రాకపోవడమంటే గొడుగు ఇంట్లో ఉండిపోవడమే. ఆ ఖాళీని పూరించేది అనువాదకులే.

అయితే ఉత్తరంలో ఒక ఒంపు ఉంది: ఒకరు ఇచ్చేవారు, మరొకరు పుచ్చుకునేవారు. కృతజ్ఞత చెప్పాల్సిన పిల్ల ఎదురుప్రశ్న వేయదు. పరస్పర పరిచయం దురభిప్రాయాన్ని తగ్గించాలంటే ఇరుపక్షాలదీ సమాన స్థాయి కావాలని, ఉమ్మడి లక్ష్యం ఉండాలని మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు. ఆన్‌లైన్ సంవాదం ఆ సమానతకు దగ్గరగా రాగలదు. 2003లో మొదలైన సోలియా అనే సంస్థ పాశ్చాత్య దేశాల విద్యార్థులనూ ముస్లిం దేశాల విద్యార్థులనూ చిన్న బృందాలుగా తెర మీద కూర్చోబెట్టి, వారాల తరబడి మాట్లాడించింది. యూరోపియన్ కమిషన్ 2018లో ఇలాంటి పద్ధతినే ఎరాస్మస్ ప్లస్ అనే తన విద్యా కార్యక్రమం కిందికి తెచ్చింది.

ఇలాంటి సంవాదంలో సంధాత తన అభిప్రాయం చెప్పడు. విన్నదాన్ని తిరిగి చెప్పి 'నీ మాట ఇదేనా?' అని అడుగుతాడు, నోరు విప్పనివారికి వంతు ఇస్తాడు, మాట వేడెక్కితే దాని వెనకున్న అనుభవాన్ని బయటికి రప్పిస్తాడు. పాస్‌పోర్టు, విమాన టికెట్టు లేని కళ్యాణదుర్గం విద్యార్థిని కూడా మాడ్రిడ్ విద్యార్థిని ప్రశ్నించగలుగుతుంది. పల్లెలో సిగ్నల్ నిలవకపోవడం ఒక ఇబ్బంది. సంవాదం ఇంగ్లీషులోనే సాగితే గట్టిగా మాట్లాడగలవారిదే రాజ్యం కావడం అంతకన్నా పెద్ద ఇబ్బంది.

అనంతపురంలో స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్చుకున్న యువతరం ఉంది. ఉత్తరాల అనువాదంలో పండిన చేతులూ ఉన్నాయి. తెలుగులో మాట్లాడనిచ్చి అవతలివారికి విడమరిచి చెప్పగల సంధాతలు వీరిలోంచే రావాలి. ఇక వేళ సంగతి: స్పెయిన్‌కూ మనకూ చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు తేడా. ఇక్కడ సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి అక్కడ మధ్యాహ్నం మూడో, నాలుగో అవుతుంది. ఇరువైపులా కాలేజీ పిల్లలకు వీలు కుదిరే వేళ అదే.