వ్రేళ్ళలో దాగిన విద్య

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



జూన్ మాసమున బడి తెరచిన దినమున క్రొత్తగా చేరిన పిల్లలు వరుసగా కూర్చుందురు. ఆ వరుసలోనికి రాక ఇంటి అరుగు మీదనే మిగిలిపోయిన బిడ్డ మన గ్రామములలో ఉండవచ్చును. చూపు లేని బిడ్డకు చదువేల యని తల్లిదండ్రులు ఊరకుందురు, మనమును ఊరకుందుము. ఆ బిడ్డలో ఏ శక్తి దాగియున్నదో ఎవరును ఎరుగరు. అట్టి బాలు నొకనిని గూర్చి నేడు మీకు మనవి చేసెదను.

ఫ్రాన్సు దేశమున, పారిస్ నగరమునకు తూర్పుగా కూప్‌వ్రే అను చిన్న గ్రామము కలదు. అచట గుఱ్ఱపు జీనులు కుట్టు పనివాని యింట 1809 జనవరి 4వ తేదీన లూయీ బ్రెయిలీ జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిశాలలో ఆడుకొనుచుండగా మొనదేలిన పనిముట్టు ఒక కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ గాయము చీము పట్టి, దాని దోషము రెండవ కంటికిని ప్రాకెను. కొలది కాలములోనే చూపు పూర్తిగా పోయెను.

ఆ తండ్రి బిడ్డను మూల కూర్చుండబెట్టలేదు. చెక్కపై మేకులు కొట్టి అక్షరముల రూపములను వ్రేళ్ళకు తెలిపెనని చెప్పుదురు. ఊరి మతాచార్యుడు పాఠములు బోధించెను. ఊరి ఉపాధ్యాయుడు చూపున్న పిల్లల నడుమనే చోటిచ్చెను. విన్నది మరువని బాలుని తెలివి అప్పుడు గదా బయటపడెను! ఊరి పెద్దల సిఫారసుతో 1819లో, పదేండ్ల వయస్సున, లూయీ పారిస్‌లోని అంధ బాలుర పాఠశాలలో చేరెను.

ఆ క్రొత్త బడిలో కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చువేసిన పెద్ద అక్షరముల పుస్తకములు ఉండెడివి. అవి మిక్కిలి బరువైనవి, కొద్దిపాటివి. ఒక్కొక్క అక్షరమును తడిమి చదువుటకే ఎంతో కాలము పట్టెడిది. వ్రాయుటకు వీలు లేకుండెను. 1821లో బార్బియే అను పూర్వ సైనికోద్యోగి తాను కల్పించిన చుక్కల లిపిని ఆ బడికి తెచ్చెను. అందొక గుర్తుకు 12 చుక్కల వరకు కావలసియుండుటచే అది వ్రేలికొనకు ఇమడకుండెను. లూయీ ఆ పద్ధతిని పట్టుకొని సంవత్సరముల తరబడి శ్రమించి, 1824 నాటికి, పదునైదేండ్లకే, 6 చుక్కల లిపిని రూపొందించెను. నిలువున మూడేసి చుక్కలు గల రెండు వరుసలు. వాని కలయికలచే 63 గుర్తులు. ఒక్క స్పర్శతో ఒక్క అక్షరము తెలియును. చిన్న మొన చాలును, ఎవరికి వారు వ్రాసికొనవచ్చును.

ఐనను ఆ బడియే ఆ లిపిని వెంటనే ఆదరింపలేదు. 1840లో వచ్చిన అధ్యక్షుడు దానిని నిలిపివేయించెను. విద్యార్థులు మాత్రము విడువక రహస్యముగా ఒకరి కొకరు నేర్పుకొనిరి. చూపున్నవారికి అక్కరలేనిది తమకు ప్రాణమని వారెరుగుదురు. 1844లో నూతన భవన ప్రారంభ సభలో ఆ లిపి ఘనతను అందరి యెదుట చాటిరి. 1852లో బ్రెయిలీ మరణించెను. 1854లో ఫ్రాన్సు దానిని అధికారముగా అంగీకరించెను. మరణించిన నూరేండ్లకు, 1952లో, ఆయన అవశేషములను పారిస్‌లోని జాతీయ స్మారక మందిరమునకు తరలించిరి. చేతులను మాత్రము కూప్‌వ్రే గ్రామమే తనయొద్ద నిలుపుకొనెను.

ఆ లిపి మన భాషలకును వచ్చినది. 1951లో స్థిరపడిన భారతీ బ్రెయిలీలో తెలుగు అక్షరములకును గుర్తులు కలవు.

సభ్యులారా! కూప్‌వ్రే పెద్దలకు నాడు ఏ చట్టమును లేదు. మనకు కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము నూటికి 40 పాళ్ళకు తక్కువ కాని వైకల్యము గల బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు సమీప పాఠశాలలో గాని, కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. పుస్తకములు, ఉపకరణములు కూడ ఉచితముగా నీయవలయును. ఐదేండ్ల కొకసారి బడి పిల్లల సర్వే జరిపి, అట్టి బిడ్డలను గుర్తించు బాధ్యత ప్రభుత్వముతోపాటు స్థానిక సంస్థలపైనను ఉన్నది. స్థానిక సంస్థ యనగా మీ పంచాయతీయే.

కావున ప్రతి సభ్యుడును తన వార్డులో ఇల్లిల్లు తిరిగి విచారింపవలెను. చూపు మందగించిన బిడ్డను ముందు కంటి వైద్యునికి చూపింపుడు. కొందరికి కళ్ళజోడే చాలును. చూపు రానివారి పేర్లు పంచాయతీ పుస్తకమున వ్రాసి ప్రధానోపాధ్యాయునికిని, మండల విద్యాధికారికిని తెలుపుడు. తల్లిదండ్రులు జంకినచో రెండవ మారు వెళ్ళుడు. బడి తెరచు నాటికి ఆ బిడ్డ చేయి పట్టుకొని వరుసలో కూర్చుండబెట్టుడు. ఆ వ్రేళ్ళలో ఏమున్నదో తరువాత ఆ బిడ్డయే చూపును.