తల్లిపాల నుంచి మన కుండలోని కూడు దాకా
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 మన ఆదివాసీ దినోత్సవం. ఏటా దానికి రెండు రోజుల ముందే, ఆగస్టు 1 నుంచి 7 వరకు జరిగే తల్లిపాల వారోత్సవాలు ముగుస్తాయి. ఆ వారం చెప్పే మాటలన్నీ తల్లులకే చెబుతారు. నేను పెళ్లికాని మీకు చెబుతున్నాను. నవ్వకండి. అమ్మ కొండ మీద పోడుకు వెళితే చంటిబిడ్డను ఎత్తుకునేది ఎవరు? అక్క, అన్న, నాయనమ్మ. సెలవులకు వెళ్లిన మా హాస్టల్ ఆడపిల్లలు కొందరు రోజులు గడిచినా తిరిగి రారు. ఎందుకని అడిగితే "తమ్ముణ్ని చూసేవాళ్లు లేరు మేడమ్" అంటారు. కాబట్టి ఇది మీ ఇంటి విషయం, మీ చదువు విషయం కూడా.

మన తల్లులు బిడ్డకు రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు పాలిస్తారు. దాన్ని మోటుతనం అనుకునేవాళ్లు ఉన్నారు. మీరు సిగ్గుపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. పుట్టిన గంటలోపు పాలు పట్టాలి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. ఆ తరువాత ఇంటి తిండితోపాటు రెండేళ్లు, ఆపైన కూడా పాలివ్వాలి.

అయితే మనం తప్పటడుగు వేసే చోట్లు రెండున్నాయి.

మొదటిది పుట్టిన రోజు. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలను చెడ్డపాలని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బిడ్డను రోగాల నుంచి కాపాడే శక్తి వాటిలోనే ఎక్కువ. వాటి బదులు తేనె, పంచదార నీళ్లు నాకించడం మంచిది కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదం కూడా. ఎండాకాలమైనా నీళ్లు పట్టనక్కర్లేదు. తల్లిపాలలో నూటికి 85 పాళ్లకు పైనే నీరు ఉంటుంది.

రెండోది ఆరో నెల నిండిన రోజు. కొందరు ఏడాది దాకా పాలతోనే సరిపెడతారు. కొందరు పలచని అంబలి తేట తాగిస్తారు. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్లతో నిండిపోతుంది, బలం మాత్రం రాదు. పుట్టుకతో ఒంట్లో దాచుకున్న ఇనుము కూడా ఆ వయసుకే తరిగిపోతుంది. రక్తం తగ్గుతుంది, ఎదుగుదల ఆగుతుంది. తరువాత హాస్టల్లో మేము ఎన్ని గుడ్లు పెట్టినా ఆ రెండేళ్ల లోటు పూర్తిగా పూడదు.

దీనికి డబ్బాలు కొననక్కర్లేదు. మన చోళ్లు చాలు. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. చోడిపిండిని చిక్కగా ఉడికించండి. గరిట వంచితే జారిపోకూడదు. అందులో మెత్తగా మెదిపిన కందిపప్పో, రాజ్మానో, మునగాకో, గుమ్మడో కలిపి, చెంచాడు వలిసెల నూనె వేయండి. గుడ్డు, ముళ్లు తీసిన వాగు చేప కూడా మెదిపి పెట్టొచ్చు. బొప్పాయి, అరటి మన పెరట్లోవే. ఇంటి కూరలో కారం వేయకముందే బిడ్డ వాటా తీసి పెట్టుకోండి.

మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడు సార్లు. తొమ్మిదో నెల నుంచి సగం కప్పు చొప్పున మూడు నాలుగు సార్లు. ఏడాది నిండాక ఇంట్లో అందరూ తినే కూడే, కాని బిడ్డకు వేరే గిన్నె. ఒకే పళ్లెంలో పెడితే పెద్దపిల్లలు తినేస్తారు, చిన్నది చూస్తూ ఉంటుంది. విరేచనాలైనా పాలు, తిండి ఆపకండి.

అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ల వరకు ఇచ్చే బాలామృతం ఆ బిడ్డదే. ఇంటిల్లిపాదీ పంచుకునేది కాదు.

మీరు ఫోన్లు చూసే తరం. పోతపాల డబ్బాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అమ్మ పోడుకు వెళ్లాల్సి వస్తే, శుభ్రమైన మూతగిన్నెలో పాలు పిండి నీడన ఉంచితే నాలుగు గంటల వరకు వాడొచ్చు. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసా శుభ్రం చేయడం కష్టం, రోగం దానితోనే వస్తుంది. సంత నుంచి బిడ్డకు చిప్స్ పొట్లం తెచ్చే మామయ్యలకు కూడా చెబుతున్నా, ఆ పది రూపాయలతో గుడ్డు కొనండి.

తమ్ముళ్లూ, ఒక మాట మీకు. బాలింత నీళ్లు మోస్తూ, కట్టెలు కొడుతూ ఉంటే బిడ్డకు పాలిచ్చే తీరిక ఎక్కడ దొరుకుతుంది? ఆ బిందె మీరు ఎత్తండి. చోళ్లు మీరు దంచండి. అలా చేస్తే వదిన బిడ్డకు పాలు అందుతాయి, చెల్లెలు సెలవులు అయిన రోజే బడికి వస్తుంది.

మన పండుగలు, మన డప్పు, మన థింసా కాపాడుకోవాలని ఈ రోజంతా మాట్లాడుకుంటున్నాం. ఆ థింసాలో రేపు అడుగు వేయాల్సిన కాళ్లు ఇప్పుడు మన ఇళ్లలో పాకుతున్నాయి. వాటికి బలం ఇవ్వడం కూడా ఆచారాన్ని కాపాడుకోవడమే.

సెలవు. జై ఆదివాసీ.